విశ్రాంతి తర్వాతి కథ

పోయినవారం చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. చదివినవాళ్ళు కూడా కాస్త ఓపిక పట్టాలి. వారం రోజుల్లో ఎవరికి ఎన్ని తలనొప్పులుంటాయో నాకు తెలుసు.

సినిమా హాలుకి సరిగ్గా ఎదురుగా బట్టలు సరిచేసే కొట్టు ఉంది. పొడుగు ప్యాంట్లు పొట్టి చెయ్యడం, బిగుతైన కోట్లు వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం, చిరుగులకి రఫ్ఫు చెయ్యడం అక్కడి పని. నడిపేది మాస్టారు, ఆయన భార్య. ఆవిడని వీధివీధంతా మాస్టారమ్మ అంటారు. ఇద్దరికీ సినిమా పిచ్చి. ఇద్దరూ ఒకేసారి వెళ్తే కొట్టు మూయాలి. పగలు కొట్టు మూయడం మాస్టారికి ఇంటా వంటా లేదు. అందుకని పద్దెనిమిదేళ్ళుగా శుక్రవారం మ్యాట్నీకి ఒకటే టికెట్టు. విశ్రాంతి దాకా ఆవిడ చూస్తుంది, విశ్రాంతి తర్వాత అదే సీట్లో ఆయన కూర్చుంటారు. గేటు దగ్గరాయన పొట్ట పెరిగినప్పుడల్లా ఆయన యూనిఫారం వీళ్ళే వదులు చేసి పెడతారు కనుక ఆయనా చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. సాయంత్రం మిషన్ల ముందు కూర్చుని ఆవిడ మొదటి సగం చెప్తుంది, ఆయన రెండో సగం చెప్తారు. రెండూ అతికిస్తే సినిమా.

ఇక అసలు సంగతి. మాస్టారమ్మ మెడ పక్కన చిన్న గడ్డ కనిపించింది. అందులోంచి ముక్క తీసి పరీక్షకి పంపారు. బుధవారం ఫలితం చెప్తామన్నారు. అదే రోజు పన్నెండింటికి బ్యాండువాళ్ళు పన్నెండుమంది కోట్లు తొడుక్కుని చూసుకోడానికి వస్తారు. ఏం చేశారంటే, అలవాటైన పనే చేశారు. పొద్దున్నే ఆవిడ వెళ్ళి ఆసుపత్రి వరండాలో వరసలో కూర్చుంది. పదకొండున్నరకి ఆయన వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నారు, ఆవిడ కొట్టుకి వచ్చేసింది. పరీక్ష అయిపోయింది, ఇక వినడమేగా, ఎవరు వింటే ఏమిటి అనుకున్నారు. ఒంటిగంటకి ఆయన తిరిగొచ్చి, "ఏం లేదట. ఉత్త కొవ్వు గడ్డట" అన్నారు. అక్కడ ఆపాం.

ఈ వారం కథ శనివారం పొద్దున పది గంటలకి మొదలవుతుంది.

మాస్టారి అక్కగారు గురువారం చూడ్డానికి వచ్చారు. లెక్కల టీచరుగా చేసి రిటైరై నాలుగేళ్ళయింది కానీ మార్కులు వేసే అలవాటు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. టీకి మార్కులు, మంచానికి మార్కులు, బస్సు డ్రైవరుకి మార్కులు. ఆ పొద్దున కత్తిరింపు బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, ఓ పాత ప్యాంటు అంచు కుట్లు విప్పుతూ, ముందు రోజు చూసిన సినిమా పేపరు దిద్దుతున్నారు. తనకి వేరే టికెట్టు కొనుక్కుని, మొదటి సగం మరదలి పక్కన, రెండో సగం తమ్ముడి పక్కన కూర్చుని, మొత్తం చూసిన మనిషి ఆ ఇంట్లో ఆవిడొక్కరే. చూసొచ్చి తలనొప్పని పెందలాడే పడుకున్నారు. సాయంత్రం తమ్ముడు చెప్పిన రెండో సగం ఆవిడ చెవిన పడలేదు.

"నలభై ఒకటి వేశానమ్మాయ్," అన్నారు.

"మరీ అంత తక్కువా వదినా? నేనైతే అరవై వేద్దును. ఆ పిల్ల వేసుకున్న గౌను ఎంత బాగుంది. మెడ దగ్గర మడిచి కుట్టిన టక్కులు చేత్తో వేసినవి, మిషను మీద వేసినవి కావు."

"నీకు గౌను చాలు. కథ సంగతి చూడవేం?"

చూడదు మరి. మాస్టారూ మాస్టారమ్మా సినిమాల పేర్లు కూడా గుర్తుపెట్టుకోరు, బట్టలు గుర్తుపెట్టుకుంటారు. నిన్నటిది వాళ్ళ లెక్కలో పసుపు రెయిన్‌కోటు సినిమా. నది దాటించే పడవవాడు, అతని కూతురు. కూతురు చదువు మానేస్తానంటుంది, తండ్రి వద్దంటాడు, ఇద్దరూ మాట్లాడుకోకుండానే కలిసి పడవ బాగుచేస్తారు. వాన మొదలవుతుంది, విశ్రాంతి.

"మొదటి సగం మంచిదే," అన్నారు టీచరుగారు. "ఆ తర్వాత తీసినవాడు మార్కులు పోగొట్టుకున్నాడు. ఎలాగూ తండ్రిని ముంచేస్తున్నావు, ముంచేవాడివి గబుక్కున ముంచు. పావుగంట పాటు నీళ్ళు చూపించాడు. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి."

మాస్టారమ్మ మిషను ఆపింది. "ముంచెయ్యడమేంటి?"

"పోయాడుగా. కోటు ఒక్కటీ ఒడ్డుకి కొట్టుకొస్తుంది. ఆ పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, అయిపోయింది."

"ఈదుకుంటూ ఒడ్డుకి వస్తాడు కదా? కూతురు నాలుగు చివాట్లు పెడుతుంది. ఇంటికెళ్ళి, కోటు మేకుకి తగిలించి, టీ పెట్టుకుంటారు."

"ఏ సినిమాలో?"

మాస్టారమ్మ అమాయకురాలేం కాదు. కుట్టు ఒకచోట తేడాగా కనిపిస్తే మొత్తం విప్పి చూడాలని తెలిసిన మనిషి. దారం తెంపి, పనిని పక్కన పెట్టి, మామూలు గొంతుతోనే అడిగింది.

"అక్కాచెల్లెళ్ళ సినిమా చూశారా వదినా? ఆకుపచ్చ స్వెటరు వేసుకుంటుంది, చిన్నది."

"చూశా. యాభై రెండు."

"చివర్లో స్టేషన్లో కలుసుకుంటారు కదూ?"

"ఎక్కడ? పెద్దది రానే రాదు. రైలు వెళ్ళిపోతుంది. అదే బాగుంది అందులో."

"చేతులు పొట్టయిన కోటు గుమస్తా? ఆయనకి మళ్ళీ ఉద్యోగం ఇస్తారు?"

"ఉద్యోగమా? ఉన్న ఇల్లు కూడా ఖాళీ చేయిస్తారు పాపం. నువ్వు చూసింది వేరే సినిమా అయ్యుంటుంది."

"మరి నర్సు సినిమా? తెల్ల గౌనుకి నీలం పట్టీ. జబ్బు చేస్తుంది కదా. చివరికి నయమై మళ్ళీ డ్యూటీకి వెళ్తుంది."

టీచరుగారు నోరు తెరిచి, మరదలి మెడ కేసి చూసి, మూసేశారు. ముప్ఫై ఐదేళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషికి తన అబద్ధం ఎలా చెప్పాలో తెలియలేదు. "అది నేను చూడలేదమ్మాయ్," అన్నారు.

"నిన్ననేగా ఆ నర్సు సినిమాకి ముప్ఫై ఎనిమిది వేశారు."

టీచరుగారు ప్యాంటు మడతపెట్టి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, పోస్టాఫీసులో ఏదో పని ఉందని లేచారు. శనివారం పోస్టాఫీసు పన్నెండు దాకానే ఉంటుందని కూడా చెప్పారు, ఎవరూ అడక్కపోయినా.

ఒంటరిగా కూర్చున్న మాస్టారమ్మకి ఒక్కొక్కటే అర్థమవసాగింది. ఇరుగుపొరుగువాళ్ళు సినిమా ఎలా ఉందని అడగడానికి వస్తే మొదటి సగం సంగతి బల్ల దగ్గర ఆవిణ్ణే అడుగుతారు. రెండో సగం దగ్గరికొచ్చేసరికి మాస్టారు, "ఇలా రండి, నడుము కొలత ఓసారి చూద్దాం" అని తెర వెనక్కి తీసుకెళ్ళి చెప్తారు. కొలతల మీద ఆయనకున్న శ్రద్ధ అనుకుందిన్నాళ్ళూ. ఇంకోటి. ఆయన చెప్పిన సినిమాలన్నిట్లోనూ చివరికి ఎవరో ఒకరు ఇంటికొస్తారు. వచ్చి కోటో, టోపీయో మేకుకి తగిలిస్తారు. ప్రపంచంలో సినిమాలు తీసేవాళ్ళందరికీ ఒకే మేకు దొరికిందా అని తనకెందుకు అనుమానం రాలేదో ఆవిడకే తెలియలేదు. కోపం వచ్చింది. తననెవరో ఇన్నేళ్ళు చంటిపిల్లని చేసి ఆడించినట్టు సిగ్గుగా కూడా అనిపించింది.

మాస్టారు దారపుండలూ గుండీల అట్టలూ సంచిలో వేసుకుని వచ్చారు. "అక్కేది?"

"పోస్టాఫీసుకి."

"అక్కడ ఆవిడకేం పని?"

"మార్కులు వెయ్యడానికేమో," అంది మాస్టారమ్మ.

ఆ గొంతులో ఏదో ఉందని మాస్టారు గ్రహించేలోపే మందుల షాపాయన ప్యాంటు భుజాన వేసుకుని వచ్చాడు. అంచు అంగుళం పొట్టి చెయ్యాలి. సాయంత్రం ఆటకి వెళ్దామనుకుంటున్నాడు, ఎలా ఉందేమిటి ఈ వారం బొమ్మ?

"మొదటి సగం చాలా బాగుందండీ," అంది మాస్టారమ్మ. "వాన బాగా తీశాడు. రెండో సగం మాస్టారు చెప్తారు."

మాస్టారు ఇంచీ టేపు మెళ్ళో వేసుకున్నారు. "రండి, ఓసారి పొడుగు చూద్దాం లోపల."

"ప్యాంటు ఆయన భుజం మీద ఉంది కదా. పొడుగు నేను చూస్తాను. మీరిక్కడే చెప్పండి. నేనూ వింటాను."

మందుల షాపాయన ఇద్దరి మొహాలూ చూశాడు. మాస్టారు సుద్దముక్క తీసి బల్ల మీద ఒక గీత గీశారు, ఆ గీతని చేత్తో తుడిచేశారు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఆవిడ తనని నలుగురిలో ఎప్పుడూ నిలదీయలేదు. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు. ప్యాంటు అంచు మడిచి గుండుసూదులు పెడుతోంది.

"తండ్రి పోతాడండీ," అన్నారు మాస్టారు. "పడవ తిరగబడుతుంది. కోటు ఒక్కటే దొరుకుతుంది. రెయిన్‌కోటని చూపించారు కానీ నీళ్ళలో అంతసేపు ఉన్న గుడ్డ అలా నిగనిగలాడదు. అతుకులు కూడా విడలేదు. అశ్రద్ధ."

"భలేవారే," అన్నాడు మందుల షాపాయన. "చివర చెప్పేశారేంటి? ఇంక నేను చూడ్డానికేం మిగిలింది?"

"వాన మిగిలిందిగా," అంది మాస్టారమ్మ. "ఎల్లుండి రండి, ప్యాంటు ఇచ్చేస్తాను."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. మాస్టారు ఇస్త్రీపెట్టె అందుకుని ఓ కోటు చెయ్యి మీద నడిపించారు. మాస్టారే మొదలుపెట్టారు.

"అక్క చెప్పిందా?"

"ఆవిడ సినిమా ఎలా ఉందో చెప్పారు. అంతే. ఎన్నాళ్ళ నుంచండీ?"

"అన్నీ కాదు. మంచిగా అయ్యేవి ఉన్నదున్నట్టే చెప్పాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరేళ్ళు." ఆయన ఇస్త్రీపెట్టె పక్కకి నిలబెట్టారు. "మీ అమ్మగారు పోయిన రెండు నెలలకి ఆ శాలువా సినిమా చూశాం గుర్తుందా? ముసలావిడ కొడుకు కోసం స్టేషన్లో కూర్చుని కూర్చుని అక్కడే పోతుంది. ఉన్నదున్నట్టు చెప్పాను. నువ్వు నాలుగు రోజులు మిషను ముట్టుకోలేదు, అన్నం ముట్టుకోలేదు. 'ఆవిడ దగ్గర ఎవరూ లేరా' అని ఒకటే అడిగావు. ఎవరో కథ రాసుకున్నాడు, ఎవరో వేషం వేసింది, నేనేమో తీసుకొచ్చి నీ నెత్తిన పెట్టాను. అప్పుడనుకున్నాను. పొడుగైతే పొట్టి చేస్తాం, బిగుతైతే వదులు చేస్తాం, పొద్దస్తమానం చేసేది అదే కదా. ఇదొక్కటి చేస్తే తప్పేంటని."

మాస్టారమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తిడదామని కూడబెట్టుకున్న మాటలు సగం అక్కడే కరిగిపోయాయి. ఈ మనిషి, ఒక గుండీ వంకరగా ఉంటే పెళ్ళికొడుకునైనా వెనక్కి పంపే ఈ మనిషి, ఆరేళ్ళుగా ప్రతి శుక్రవారం చీకట్లో కూర్చుని, తెర మీద చచ్చేవాళ్ళని చూస్తూ, వాళ్ళని ఎలా బతికించాలా అని ఆలోచించేవాడన్నమాట. తనకోసం. ప్రేమ కాకపోతే ఏమిటిది? కానీ ఏడిస్తే ఏడుస్తాను, నా ఏడుపు నాది కాదా అని కూడా అనిపించింది.

"నాకు చెప్పి ఉండాల్సింది," అంది.

"చెప్తే ఇంక మార్చడమెందుకు?"

ఆ మాటకి నవ్వేసేదే. ఇంకో రోజైతే నవ్వి, రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడోరోజు అన్నీ మరిచిపోయేది. కానీ ఈ పొద్దున ఆవిడ మనసు సినిమాల దగ్గర ఆగలేదు. నర్సు సినిమా దగ్గర వదిన నోరు మూసేసినప్పటి నుంచి ఒకటే మాట లోపల తిరుగుతోంది. సినిమా రెండో సగం మార్చినవాడు ఆసుపత్రి రెండో సగం మార్చడా? అడిగితే అవునంటాడేమోనని భయం. కాదంటే నమ్మడమెలాగన్నది ఇంకో భయం.

అడగడానికి ఆవిడకి తిన్నని దారి దొరకలేదు. తనకి తెలిసిన దారినే వెళ్ళింది.

"ఇప్పుడు మందుల షాపాయనకి నిజం చెప్పేటప్పుడు ఆ రెయిన్‌కోటుకి రెండు వంకలు పెట్టారు."

"ఉన్న వంకలేగా."

"నిన్న సాయంత్రం నాకు చెప్పినప్పుడు ఒక్కటీ పెట్టలేదు. ఇప్పుడు గుర్తుచేసుకుంటున్నాను. మీరు నిజంగా చూసి చెప్పినవాటిలో ప్రతి చొక్కాకీ ఏదో ఒక లోపం ఉంటుంది. కల్పించి చెప్పినవాటిలో అందరి బట్టలూ అమిరినట్టు ఉంటాయి."

మాస్టారు ఇంచీ టేపు మెడలోంచి తీసి చుట్టసాగారు.

"బుధవారం మీరు తిరిగొచ్చి, ఏం లేదట అన్నాక, నేను ఒక్క మాట అడగకుండానే ఇంకోటి చెప్పారు. డాక్టరుగారి తెల్లకోటు బాగా కుట్టారు, భుజాల దగ్గర చక్కగా కూర్చుంది అన్నారు."

"అన్నానా?"

"అన్నారు. నేను పొద్దుటి నుంచి ఆ వరండాలో కూర్చున్నానండీ. ఆయన నా ముందు నుంచి మూడుసార్లు వెళ్ళాడు. ఎడమ జేబు సగం ఊడి వేలాడుతోంది. పిన్నీసు పెట్టుకున్నాడు. ఒకటి కాదు, రెండు." ఆవిడ రెండు గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టింది. "జేబు ఊడినవాడు రోడ్డు మీద కనిపిస్తే ఆపి మరీ కొట్టుకి రమ్మనే మనిషి మీరు. ఎదురుగా కూర్చున్నవాడి జేబు మీకు కనిపించలేదా?"

మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. పనివేళల్లో ఆయన ఊరికే కూర్చోవడం ఎప్పుడో గానీ జరగదు. అరచేతులకి అంటుకున్న సుద్దపొడి వంక చూసుకున్నారు.

"రెండో సగం చెప్పండి," అంది మాస్టారమ్మ. "నాలుగు రోజులు అన్నం మానేస్తే మానేస్తాను. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పండి."

"నాకు తెలీదు."

"ఏమండీ."

"ఒట్టు. నాకు తెలీదు." ఆయన తలెత్తలేదు. "లోపలికి పిలిచాడు. కాయితం ముందు పెట్టుకున్నాడు. 'కూర్చోండి. మీ ఆవిడ ఏరి? ఆవిడ కూడా ఉంటే బాగుండేది' అన్నాడు. నేను కూర్చోలేదు. కొట్టులో ఉంది, బ్యాండువాళ్ళు వస్తారన్నాను. 'అయితే మీరైనా కూర్చోండి' అన్నాడు. ఆ రెండో మాట విన్నాక నేనక్కడ ఆగలేకపోయాను. పిలుచుకొస్తానని చెప్పి బయటికొచ్చేశాను. ఆయన ముఖమే చూళ్ళేదు, ఇంక జేబేం చూస్తాను? దారిలో నడుస్తూ నడుస్తూ కొవ్వు గడ్డ అనుకున్నాను. కొట్టు చేరేసరికి నాకే నిజమనిపించింది."

మాస్టారమ్మ చెయ్యి దానంతట అదే మెడ మీదికి వెళ్ళింది. ఇందాకటి దాకా ఆయన దగ్గర ఏదో ఒక చివర ఉందనుకుంది. మంచిదో చెడ్డదో, ఆయన చూసి, దాచిన చివర. అదీ లేదు. తెలిసినవాళ్ళు ఇద్దరిలో ఒక్కరు కూడా లేరు. ఆయన మీద జాలేసింది, తన మీద భయమేసింది, ఏది ముందో ఆవిడకి తెలియలేదు.

"మూడు రోజులైంది," అంది.

"అవును."

"ఇవాళ ఉంటాడా?"

"ఒంటిగంట దాకా ఉంటాడు. బోర్డు మీద చూశాను."

గోడ గడియారంలో పదకొండు కావస్తోంది. శనివారం. మధ్యాహ్నంలోగా తీసుకెళ్తామన్నవాళ్ళ కోట్లు తొమ్మిది, గౌన్లు నాలుగు వరసగా వేలాడుతున్నాయి. మాస్టారు లేచి, బయట గుమ్మం పక్కన తగిలించిన బట్టలు ఒక్కొక్కటే లోపలికి తెచ్చి పెట్టడం మొదలుపెట్టారు.

"ఏం చేస్తున్నారు?"

"మూసేస్తున్నాను. ఇద్దరం వెళ్దాం."

"వదిన పన్నెండుకల్లా వచ్చేస్తారుగా. ఆవిణ్ణి కూర్చోబెట్టి వెళ్దాం. ఇంతమంది బట్టల కోసం వస్తారు, శనివారంనాడు మూస్తే ఏమనుకుంటారు?"

"అనుకోనీ." ఆయన షట్టరు పిడి అందుకున్నారు. "అక్క వచ్చేదాకా ఆగితే నేను మళ్ళీ ఏదో ఒకటి కల్పిస్తాను. నా సంగతి నాకు తెలుసు. చెప్పులు వేసుకో."

ఆవిడ చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళలో పగటివేళ ఎప్పుడూ కిందికి రాని షట్టరు సగం దాకా వచ్చి మొరాయించింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగారు. అది నేలకి తగిలిన చప్పుడుకి ఎదురుగా సినిమా హాలు గేటు దగ్గరాయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. రోడ్డుకి అవతల నుంచే చెయ్యి ఊపుతూ, ఏమైంది మాస్టారూ, అంతా కులాసాయేనా అని అడిగాడు.

మాస్టారు నోరు తెరిచారు. మాస్టారమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"వచ్చాక చెప్తామండీ," అంది. "మాకూ ఇంకా తెలీదు."